మా హాల్లో సముద్రం, దానికో లైటు

ఉప్పునీళ్ళ అక్వేరియం అంటే మామూలు చేపల తొట్టిలో గుప్పెడు ఉప్పు వేయడమే అనుకుంటారండీ చాలామంది. మా పక్కింటి పిన్నిగారైతే "రాళ్ళుప్పా, సాల్టా?" అని అడిగారు. రెండూ కాదు. కాల్షియం, మెగ్నీషియం లాంటివన్నీ కలిపి దీనికోసమే అమ్మే ఉప్పు ఉంటుంది. లీటరు నీటికి 35 గ్రాముల పైనే పడుతుంది. మా నాలుగడుగుల తొట్టిలో రాళ్ళూ ఇసుకా పోను 220 లీటర్లు పడతాయి కాబట్టి ఒకసారి నింపితే ఎనిమిది కిలోల ఉప్పు. "అంతర్వేది వెళ్ళి నాలుగు క్యాన్లు తెచ్చుకుంటే పోలా?" అనేవాళ్ళూ ఉన్నారు. గోదావరి కలిసే చోట వరదొస్తే ఉప్పదనం పడిపోతుంది, ఒండ్రు వచ్చేస్తుంది. రోజుకో రకంగా ఉండే నీళ్ళలో కోరల్స్ బతకవు.

తొట్టి మావారిది. అయిదేళ్ళు పెంచారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటినప్పుడు మా రాయవరంలో కరెంటు పోయింది. ఇన్వర్టరు తెల్లారేసరికి చేతులెత్తేసింది. పంపు ఆగితే నీళ్ళలో గాలి అందదు కదా, ఆయన మగ్గుతో నీళ్ళు తోడి పైనుంచి పోస్తూ కూర్చున్నారు. కాసేపు ఆయన, కాసేపు నేను, కాసేపు మా పాప. కరెంటు వచ్చేలోగా రెండు క్లౌన్ చేపలూ పోయాయి, కోరల్స్ కరిగి నీళ్ళు పాలల్లే అయిపోయాయి. రొయ్యల చెరువులున్న మా బాబాయిగారు వచ్చి చూసి ఏం మాట్లాడలేదు. రాత్రిపూట ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో ఆయనకి ఒకరు చెప్పాలా! మావారు చేపల్ని కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టి, "ఇంక వద్దులే" అని తొట్టి మీద పాత దుప్పటి కప్పేశారు.

సంక్రాంతి దాకా అది పిండివంటల డబ్బాలు పెట్టుకునే బల్ల అయింది. మళ్ళీ మొదలుపెడదామన్నది నేనే. ఇంటికి రాగానే కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చునే మనిషి, ఇప్పుడు ఆ గోడ వైపే చూడ్డం లేదు. నాకది నచ్చలేదు.

ముందు రాళ్ళు. మావి మనుషులు తయారుచేసిన సిరామిక్ రాళ్ళే, కానీ వాటి మీద చచ్చిన జోవాంథిడ్స్ అంటుకుని ఉన్నాయి. "ఉడుకు నీళ్ళలో వేసి మరగబెట్టమ్మాయ్, పీడా పోతుంది" అన్నారు అత్తయ్యగారు. వద్దన్నాను. జోవాంథిడ్స్‌లో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది. మరగబెడితే ఆవిరితో పాటు పైకి లేచి పీల్చినవాళ్ళని ఆసుపత్రి పాలు చేస్తుంది. ఇది మాత్రం ఎవరింట్లో తొట్టి ఉన్నా గుర్తుంచుకోండి. చేతులకి గ్లవుజులేసుకుని, పెరట్లో చన్నీళ్ళలో నానబెట్టి, ఎండలో ఆరేశాం.

ఆ తర్వాత పంపులకి విడిగా ఒక ఇన్వర్టరు, బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి. లైటుని మాత్రం ఆ ఇన్వర్టరుకి కలపలేదు. కోరల్స్ రెండు మూడు రోజుల చీకటిని ఓర్చుకుంటాయి, కదలకుండా నిలబడిపోయిన నీళ్ళని మాత్రం ఓర్చుకోలేవు.

ఇంక లైటు. పాత ట్యూబులు నాలుగు, ఒక్కోటి 54 వాట్లు. వెలుగుతూనే ఉంటాయి గానీ ఏడాదికల్లా వాటి పస తగ్గిపోతుంది, మార్చాలి. పైగా ఉప్పుగాలికి పట్టీలన్నీ తుప్పు. ఎల్ఈడీ అనుకున్నాం. ఇంతలో కువైట్‌లో ఉన్న మా మరిది వీడియో కాల్ చేసి, తన స్నేహితుడి తొట్టి చూపించాడు. కొమ్మలు కొమ్మలుగా ఊదా రంగు, ఆకుపచ్చ రంగు కోరల్స్. "వదినా, ఇవే లైట్లు రెండు పట్టుకొస్తా, ఒక్కోటి 200 వాట్లు. అన్నయ్య మొహం వెలిగిపోవాలి" అన్నాడు. అత్తయ్యగారికి ఆనందం. చిన్నకొడుకు తెస్తానన్నదాన్ని వద్దనడం ఎంత కష్టమో ఉమ్మడి కాపురం చేసినవాళ్ళకి తెలుసు.

కానీ ఆ కొమ్మల కోరల్స్ మన దేశంలో ఇంట్లో పెట్టుకోవడానికి లేదు. రాతిలాంటి అస్థిపంజరం కట్టే కోరల్స్‌ని, సముద్రపు విసనకర్రల్ని, నల్ల కోరల్స్‌ని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలే అది. దుకాణాల్లో ఎవరైనా అమ్మజూపినా మనం కొనకూడదు. మనకి మిగిలేవి మెత్తటివి: జోవాంథిడ్స్, పుట్టగొడుగు కోరల్స్, లెదర్ కోరల్ లాంటివి.

లైటు సంగతి ఇక్కడే తేలిపోయింది. కోరల్ జంతువే, కానీ దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. వెలుగుతో ఆ నాచు వండిన దాంట్లోంచే కోరల్‌కి చాలావరకు భోజనం. నీళ్ళలో ఎరుపు పైపైనే ఆగిపోతుంది, నీలం లోతుకి వెళుతుంది. అందుకే ఈ లైట్లన్నీ నీలంగా ఉంటాయి. ఎంత వెలుగు పడుతోందో పార్ అనే అంకెతో కొలుస్తారు. కొమ్మల కోరల్స్‌కి 200 నుంచి 350 కావాలి. మెత్తటివాటికి 50 నుంచి 150 చాలు. పుట్టగొడుగు కోరల్‌ని తీసుకెళ్ళి ఎక్కువ వెలుగులో పెడితే ముడుచుకుపోతుంది. నాకది మరీ నచ్చింది, నేనూ అంతే.

కరెంటు లెక్కా వేశాను. మరిది చెప్పినవి రెండూ రోజుకి తొమ్మిది గంటలు వెలిగితే నెలకి 108 యూనిట్లు. మేం చూసినవి 60 వాట్లవి రెండు, 32 యూనిట్లు. బిల్లు ఒకటే కాదు, వేడి కూడా. కోనసీమ ఉక్కపోతలో ఫ్యాను గాలికి నీళ్ళు పెద్దగా చల్లబడవు. ఎండాకాలం నీళ్ళు 30 డిగ్రీలు దాటితే కోరల్స్ తెల్లబారడం మొదలు. చిన్నవే కొన్నాం. హైదరాబాదులో ఉన్న ఒక స్నేహితురాలు మీటరు పంపింది. ఇసుక దగ్గర 60, పై రాయి మీద 140 చూపించింది. మొదటివారం ముప్ఫై శాతంతో ఆరు గంటలే వెలిగించి, వారం వారం పెంచాం.

నీలం ఎంత పెట్టాలన్న దగ్గర ఇంకో పేచీ. పూర్తి నీలంలో జోవాంథిడ్స్ మెరిసిపోతాయి, కానీ హాల్లో కూర్చున్న మనుషులు జబ్బుపడ్డట్టు కనిపిస్తారు, పప్పుచారు సిరాలా ఉంటుంది. అత్తయ్యగారికి ఒక కంటికి శుక్లాల ఆపరేషనయింది, రెండోదానికి కాలేదు. తొట్టి ముందు నిలబడి ఒక్కో కన్నూ మూసి చూసి, "ఈ కంటికి నీలంగా ఉందే, ఆ కంటికి పసుప్పచ్చగా ఉందేంటే!" అన్నారు. శుక్లం పసుపు అద్దంలా నీలాన్ని అడ్డుకుంటుందట. ఆవిడ కొత్త కంటికి ఆ నీలం గుచ్చుకుంటోంది. కాబట్టి పగలు నీలం ఎక్కువ, సాయంత్రం ఆరున్నర నుంచి తెలుపు కలిపి తగ్గించి, తొమ్మిదింటికి ఆరిపోయేలా టైమరు పెట్టాను.

మరిదికి నేనే ఫోన్ చేసి చెప్పాను. కాస్త చిన్నబుచ్చుకున్నాడు. "మరేం తెమ్మంటావ్ వదినా?" అంటే, పక్కనుంచి అత్తయ్యగారు "ఖర్జూరాలు తేరా" అన్నారు.

అయిదు వారాలు ఖాళీ నీళ్ళే నడిపి, అమ్మోనియా, నైట్రైటు సున్నాకి వచ్చాక రెండు జోవాంథిడ్స్, మూడు పుట్టగొడుగులు పెట్టాం. నిన్నటికి జోవాంథిడ్స్ తలలు పదకొండు. లెక్కపెట్టింది నేను కాదు, మావారు. దుప్పటి మడిచి బీరువాలో పెట్టిందీ ఆయనే. చేపలు ఇంకా వేయలేదు. సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీలో పుట్టిన క్లౌన్ జత కావాలన్నాను. తనే వెళ్ళి తెస్తానన్నారు, ఎప్పుడన్నది మాత్రం చెప్పలేదు.