తోలు ఎవరిది? పాట ఎవరిది?



దమ్మపేటలో నా చిన్నప్పుడు తోలుబొమ్మలాట వచ్చిందంటే మా నాయనకు రెండు పనులు. పగలు, గీకి ఆరబెట్టిన మేకతోళ్లు బొమ్మలోళ్లకు ఇచ్చేవాడు. రాత్రి, మాదిగవాడ జనంతో అందరి వెనకాల మట్టిలో కూర్చుని ఆట చూసేవాడు. తెరమీద రాముడు రాగానే నా చెవిలో చెప్పేవాడు: "ఆ రాముడి ఒళ్లు నేను గీకిన తోలేరా!" ముందు చాపల మీదోళ్లకు ఆ సంగతి పట్టదు.

బొమ్మలాడించేవాళ్లే పాడేవాళ్లు. కాలికింద చెక్క చప్పుడు, పక్కన మద్దెల. కేతిగాడు, బంగారక్క దిగితే మా వాడ ఆడవాళ్ల వరసలే వినబడేవి.

తర్వాత పీహెచ్‌డీ చేస్తూ చదివాను. పున్నాగవరాళికి పాములోళ్ల నాగస్వరంతో చుట్టరికం ఉందనీ, ఆనందభైరవి, నాదనామక్రియ, నవరోజు జానపదుల నుంచి వచ్చాయనీ సంగీత పండితులే రాశారు. త్యాగరాజు (1767–1847) ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో లాలిపాటలు, ఊయలపాటలు ఉన్నాయి. ఆయన 'నౌకా చరిత్రం'లో యక్షగానం పోకడ ఉంది. యక్షగానం, తోలుబొమ్మలాట ఒకే వీధిలో పెరిగినవి. ఆయన తలచుకున్న రామదాసు మన నేలకొండపల్లి కంచర్ల గోపన్న. ఆ కీర్తనలను మోసుకొచ్చింది ఊరూరి భజన గుంపులు.

మొన్న క్లాసులో రామదాసు కీర్తన ఒకటి వినిపించాను. వెనక బెంచీ అమ్మాయి లేచింది. "సార్, ఈ వరస మా నాయనమ్మ కలుపు తీసేటప్పుడు పాడుద్ది. ఆమె పేరు ఏ పుస్తకంలో ఉంది?"

నా దగ్గర జవాబు లేదు. అంతకన్నా సిగ్గుపడింది వేరే సంగతికి. తోలుబొమ్మలాట మీద సెమినార్ పత్రం రాసినోణ్ణి నేను. బొమ్మల రంగులు, రాగాలు, కథలు అన్నీ రాశాను. తోలు ఎవరు గీకారో రాయలేదు. రాస్తే మా నాయన కులం, దాంతో నాది, బయటపడుతుందని భయం.

ఆ భయం ఊరికే రాలేదు. కచేరీలో మృదంగం వాయించినవాడికి శాలువా. దానికి ఆవు, మేక, గేదె తోళ్లు బిగించినవాడికి? ఆ దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం తెస్తే, ఆవిష్కరణకు ఇచ్చిన హాలును చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది.

త్యాగరాజునో రామదాసునో తక్కువ చేయడం లేదు. వాళ్లు విన్నారు, తీసుకున్నారు, గొప్పగా కట్టారు. ఇచ్చినోళ్ల లెక్క ఏదని అడుగుతున్నాను.

అందుకే పిల్లలకు ఒక పని చెప్పాను. ఇంట్లో ఒక్క పాట రికార్డు చేయండి. పాడినవాళ్ల పేరు, ఊరు, చేసే పని కింద రాయండి. మీరూ చేయండి.

నా పాత పత్రాన్ని మళ్లీ రాస్తున్నాను. మా నాయన ఇప్పుడు లేడు. మొదటి పేజీలో ఆయన పేరు రాశాను. పక్కనే ఆయన పని కూడా.

జై భీమ్.