తప్పుల చిట్టాకు తాళం ఎందుకు?

జంషెడ్‌పూర్ పేరును తెలుగులో టైప్ చేయాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. లేకపోతే 'ప' వెళ్లి 'డ' కింద వత్తుగా చేరిపోతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే ఆ గుర్తు పని అక్షరాలు అతుక్కోకుండా అడ్డుపడటమే. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలోనూ అది ఉంది. కదమాలో పుట్టి పెరిగిన ఆ తెలుగు ప్రోగ్రామర్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఉక్కు కర్మాగారంలో పని కోసం తాత శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం అతనిది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో బెంగాలీ. తెలుగు చదవడం నాన్నమ్మ నేర్పింది. రాయడం మాత్రం కీబోర్డు మీదే అబ్బింది.

2018 ఫిబ్రవరిలో ఆ గుర్తు ఓ తెలుగు అక్షరంతో కలిసి ప్రపంచమంతటా వార్తలకెక్కింది. 'జ' కింద 'ఞ' వత్తు, తర్వాత ఆ కనిపించని గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరుసలో ఉన్న ముక్క ఐఫోన్ తెర మీదకు వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. ఆకతాయిలు దాన్ని ట్విట్టర్‌లో తమ పేర్లకు తగిలించుకుని తమాషా చూశారు. "మీ భాష ఫోన్లను చంపేస్తోందటగా!" అని ఆఫీసులో అతన్ని ఆటపట్టించారు. నిజానికి తెలుగువాళ్లు రోజూ రాసే 'జ్ఞానం' ఏ ఫోన్‌కూ హాని చేయలేదు. మామూలు రాతలో ఆ చోట ఆ గుర్తు రాదు. కానీ ఎంతమందికని చెబుతాడు?

అప్పట్లో మోజిల్లాలో పనిచేస్తున్న మనీశ్ గోరేగావ్‌కర్ ఆ ముక్కను విడదీసి పరీక్షించి, దేవనాగరిలో, బెంగాలీలో కూడా అలాంటి వరుసలు ఫోన్‌ను పడగొడతాయని చూపించాడు. సాక్చీ బజారుకు వెళ్లే మనిషికి రోజూ ఎదురయ్యే మూడు లిపులు! ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. భద్రతా లోపాల జాబితాలో దానికి సీవీఈ-2018-4124 అన్న నంబరు దక్కింది.

అతన్ని పట్టి ఉంచింది మాత్రం వేరే విషయం. ఆ లోపం ఓపెన్ రాడార్ అనే చోట కూడా నమోదైంది. ఆపిల్‌కు తన లోపాల చిట్టా ఒకటుంది. కంపెనీ లోపల దాన్ని రాడార్ అంటారు. బయటి ప్రోగ్రామర్ తన ఫిర్యాదును మాత్రమే చూడగలడు. అదే లోపాన్ని ముందే ఎవరైనా చెప్పి ఉంటే 'డూప్లికేట్' అని ముద్ర పడుతుంది, ఆ మొదటి ఫిర్యాదు ఏమిటో, ఎంతవరకు వచ్చిందో తెలియదు. అందుకే 2008లో టిమ్ బర్క్స్ అనే ప్రోగ్రామర్ ఓపెన్ రాడార్ మొదలుపెట్టాడు. ఎవరి ఫిర్యాదు నకలును వారే అక్కడ పెట్టాలి, మిగతావారు చూసుకోవాలి. 2019లో ఆపిల్ తన విధానానికి ఫీడ్‌బ్యాక్ అసిస్టెంట్ అని కొత్త రూపం ఇచ్చింది. ఒకరి ఫిర్యాదు బయటివారికి కనిపించకపోవడం మాత్రం మారలేదు.

ఆ డూప్లికేట్ ముద్ర రుచి అతనికి తెలుసు. అంతకుముందెప్పుడో వేరే కంపెనీ యాప్‌లో తెలుగు వత్తులు విడిపోతున్నాయని రాస్తే ఒక్క మాటలో మూసేశారు. లోపం అలాగే ఉండిపోయింది. రిటైరైన తండ్రికి ఆ సంగతి చెబితే ఆయన వింతగా చూశారు. "మోటారు వేడెక్కితే లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టి వచ్చేవాళ్లం. రాయకపోతే తర్వాతి షిఫ్టువాడి చెయ్యి పోతుంది. మీ పుస్తకానికి తాళం ఎందుకురా?"

తాళం పూర్తిగా అనవసరమని కూడా అనలేం. లోపాలను దాచబోమని డెబియన్ బృందం 1997లోనే రాసుకుంది. 1998లో మోజిల్లా బగ్‌జిల్లాను జనం ముందు పెట్టింది. కానీ దుర్వినియోగం చేయగల లోపాలను సరిచేసేదాకా మోజిల్లా కూడా తెర వెనకే ఉంచుతుంది. చిట్టా చదివేవాళ్లంతా మంచివాళ్లు కారు. ట్విట్టర్‌లో ఆ ముక్కను తగిలించుకున్నవాళ్లే సాక్ష్యం. అయినా వత్తు విడిపోయిందన్న కబురుకు గోప్యత ఏమిటన్నది అతని వాదన.

ఆ వేసవిలో బెంగాలీ మిత్రుడు ఒకరు, హిందీ మిత్రుడు ఒకరు కలిసిరాగా అతను అందరూ రాయగల ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాడు. ఏం టైప్ చేయాలి, ఏం కనిపించాలి, ఏం కనిపిస్తోంది, ఏ ఫోన్, ఏ వెర్షన్. ఒకరు రాసిన వరుసను మరొకరు చెరపకూడదు, లోపం పోతే ఏ వెర్షన్‌లో పోయిందో పక్కన రాయాలి.

తెరవడానికి ఒక సాయంత్రం పట్టింది. నడపడం వేరే కథ. "తెలుగు సరిగ్గా రావడం లేదు" అని ఒకే ముక్క రాసి పోయేవాళ్లు ఎక్కువ. ఏ అక్షరం, ఎక్కడ అని వాళ్లను అడిగి కనుక్కోవడానికే ఆదివారాలు సరిపోయేవి. ఒకే ర వత్తు ఫిర్యాదు పదకొండు చోట్ల కనిపించేది. వాటిని కలపబోయి తనూ 'డూప్లికేట్' అనే రాస్తున్నానని గమనించి నవ్వుకున్నాడు. కాకపోతే పక్కనే మొదటి వరుస నంబరు వేసేవాడు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత వరుసలన్నీ మళ్లీ పరీక్షించాలి. బెంగాలీ మిత్రుడు ఏడాదిలోనే మానుకున్నాడు. అతని వరుసలను చూసేవాళ్లు చాలాకాలం దొరకలేదు.

ఒకరోజు తండ్రి ఎక్కడినుంచో ఒక రసీదు పట్టుకొచ్చారు. అందులో ఆయన పేరులోని 'క్ష్మ' మూడు ముక్కలై పక్కపక్కనే నిలబడి ఉంది. "ఇది మీ పుస్తకంలో ఉందా?" అని అడిగారు. లేదు. కుర్చీ జరిపి ఇచ్చి, గడులు చూపించాడు. ఆయన ఒంటి వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ నింపారు. చివర్లో తేదీ, సమయం వేసి, ఎవరూ అడగని మరో గడిలో 'బి షిఫ్ట్' అని కూడా రాశారు.