చెక్కతో కట్టిన రాతి దర్పం

శాన్‌ఫ్రాన్సిస్కో చూడవచ్చిన అమ్మానాన్నల్ని మన పిల్లలు తప్పకుండా మ్యూర్ వుడ్స్‌కి తీసుకెళ్తారు. ఆకాశాన్నంటే రెడ్‌వుడ్ చెట్ల కింద ఫొటోలు దిగి, మర్నాడు లివర్‌మోర్ గుడికి వెళ్తారు. ఆ అడవికి ఎవరి పేరు పెట్టారో, అడవుల్ని కాపాడమని చాటిన ఆ రచయిత జాన్ మ్యూర్ కాపురమున్న ఇల్లు అదే ప్రాంతంలో, మార్టినెజ్ ఊళ్లో ఉంది. నాలుగో నంబరు హైవే మీద రోజూ వేల కార్లు దాని పక్క నుంచే పోతుంటాయి. ఆగేవాళ్లు తక్కువ. నేను ఆగింది మ్యూర్ మీది గౌరవంతోనే అయినా, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువగా ఆలోచించింది ఆ ఇంటి గురించే.

పండ్లతోట మధ్య నుంచి చిన్న మిట్ట ఎక్కితే ఇల్లు. కింద నుంచి చూస్తే రాతి భవంతే అనిపిస్తుంది. రెండంతస్తులు, పైన అటక, అన్నిటికీ పైన గంట వేలాడే చిన్న చదరపు గోపురం. కిటికీలు సన్నగా, నిలువెత్తున ఉన్నాయి. చూరు కింద వరసగా బ్రాకెట్లు, ముందు స్తంభాల వరండా. దగ్గరికెళ్లి ఒక స్తంభం మీద వేలితో తట్టాను. చెక్క చప్పుడే వచ్చింది. కాస్త వంగి చూస్తే రంగు పూతల కింద పలకల అతుకులు కూడా కనిపించాయి.

ఈ పద్ధతిని ఇటాలియనేట్ అంటారు. ఇటలీ పల్లెల్లోని రాతి విల్లాల పోలికను ముందు ఇంగ్లండు వాళ్లు అందుకున్నారు. 1840లు, 50లలో ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ వంటి వాళ్లు వేసిన నమూనా పుస్తకాలు దాన్ని అమెరికా అంతటా పరిచయం చేశాయి. ఎక్కడ ఏది దొరికితే దానితో కట్టారు. కాలిఫోర్నియాలో చౌకగా దొరికింది రెడ్‌వుడ్. తేలిక, నునుపుగా చిత్రికకు వస్తుంది, చెదలకూ చీకుడుకూ ఓ పట్టాన లొంగదు. ఆవిరితో నడిచే మిల్లులు వచ్చాక బ్రాకెట్లు, అంచుపట్టీలు కుప్పలు తెప్పలుగా తయారయ్యాయి. రాతి శిల్పి నెలల తరబడి చెక్కే నగిషీని మిల్లు పూటలో కోసి ఇచ్చేది. కాస్త కలిగిన రైతు కూడా జమీందారు ఇంటి దర్పం కొనుక్కోగలిగాడు.

ఈ ఇల్లు కట్టించింది అలాంటి రైతే. పోలండు నుంచి వలస వచ్చిన డాక్టర్ జాన్ స్ట్రెంజెల్ వైద్యం చదివినా పండ్ల సాగులో స్థిరపడ్డాడు. 1882లో మొదలుపెట్టిన ఇల్లు మరుసటి ఏడాదికి పూర్తయింది. ఆయన కూతురు లూయీని 1880లో మ్యూర్ పెళ్లాడాడు. 1890లో మామగారు పోయాక, అత్తగారికి తోడుగా మ్యూర్ కుటుంబం ఈ ఇంటికి మారింది. మన లెక్కన ఇల్లరికమే. చెట్లు నరకొద్దని దేశమంతా చాటిన మనిషి, ఇరవై నాలుగేళ్లు రెడ్‌వుడ్ పలకల మధ్యే బతికాడు. పాతకాలపు రెడ్‌వుడ్ అడవిలో నేడు మిగిలింది సుమారు ఐదు శాతం. మిగతాది ఇలాంటి ఇళ్లయి, రైలు స్లీపర్లయి, కంచెలయి పోయింది. ఇంట్లో తిరుగుతున్నంతసేపూ ఆ సంగతి మనసులో మెదులుతూనే ఉంది.

లోపల నేను ఎక్కువసేపు నిలబడింది తూర్పు వైపు హాల్లో. 1906 ఏప్రిల్ 18 భూకంపానికి చెక్క గోడలు ఊగి తట్టుకున్నాయి. ఇటుక పొగగొట్టాలకు మాత్రం దెబ్బ తగిలింది, ఈ హాల్లోని పాత పొయ్యి పాడైంది. మ్యూర్ దాన్ని మళ్లీ పాతలాగే కట్టించుకోలేదు. పెద్ద దుంగలు పట్టేలా, అడవిలో నెగడు వేసుకున్నట్టు మంట వేసుకునేలా, వెడల్పాటి కమానుతో ఇటుక పొయ్యి కట్టించాడు. సుకుమారమైన విక్టోరియా కాలపు హాలుకీ ఆ మొరటు పొయ్యికీ పొంతనే లేదు. శైలి లెక్కన చూస్తే అది తప్పు. నా మటుకు నాకు ఇల్లంతటిలో విలువైనది అదే. మామగారి ఇల్లు అల్లుడిది అయిన చోటు అది.

మేడ మీద ఆయన రాసుకున్న గది ఉంది. గిలుకుడు గుహ అన్నట్టుగా దానికి ఆయన సరదా పేరొకటి పెట్టుకున్నాడు. బల్ల మీదా నేల మీదా కాగితాలు పరిచి ఉంచారు. 1894లో ‘ది మౌంటెన్స్ ఆఫ్ కాలిఫోర్నియా’, 1901లో ‘అవర్ నేషనల్ పార్క్స్’ వచ్చింది ఆయన ఈ ఇంట్లో ఉన్న కాలంలోనే. 1903లో ప్రపంచ యాత్రకు బయల్దేరి, మన హిమాలయాల దేవదారు అడవులు చూసి తిరిగి చేరింది కూడా ఇక్కడికే. పడకగది కిటికీలకు తెరల్లేవు. పొద్దుటెండే తనను లేపాలని ఆయన వాటిని అలా వదిలేశాడట. నిలువెత్తు ఇటాలియనేట్ కిటికీ ఆ పనికి బాగా అక్కరకొచ్చింది.

1914లో మ్యూర్ పోయాక ఇల్లు చేతులు మారింది. 1950ల్లో దాన్ని కాపాడటానికి స్థానికులు పూనుకున్నారు. 1962లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు వచ్చింది. 1964లో నేషనల్ పార్క్ సర్వీస్ చేతికి వచ్చింది. పాత ఇళ్ల మరమ్మతుకు అమెరికా ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణాల్లో రెండు నాకు నచ్చాయి. చెడిన భాగాన్ని వీలైనంతవరకు బాగుచేయాలి, గత్యంతరం లేకపోతేనే కొత్తది పెట్టాలి. తర్వాతి కాలంలో చేసిన మార్పు కూడా చరిత్రలో భాగమైతే దాన్ని కాపాడాలి. ఇటుక పొయ్యి ఇంకా అక్కడ ఉండటంలో సబబు ఇదే.

1906 భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 28 వేలకు పైగా భవనాలు పోయాయి. వాటిలో అత్యధికం చెక్కవే. మిగిలినవాటిలోనూ తర్వాతి దశాబ్దాల్లో రోడ్లకూ కొత్త కట్టడాలకూ పోయినవి చాలా. రెడ్‌వుడ్‌ను ఇంత ధారాళంగా వాడి కట్టే రోజులు మళ్లీ రావు, రాకూడదు కూడా. అందుకే ఉన్నవాటి విలువ పెరిగింది. నరికిన అడవికి అవి ఒక లెక్క చెబుతాయి. ఆ కలపను కనీసం వృథా కానివ్వకపోవడం మన బాధ్యత.

ఇంటికి ప్రవేశ రుసుము లేదు. బే ఏరియాలో ఉన్న తెలుగువాళ్లు మ్యూర్ వుడ్స్‌కి వెళ్లినప్పుడు మరో పూట మార్టినెజ్‌కీ కేటాయించండి. నిలబడి ఉన్న రెడ్‌వుడ్‌నీ, ఇల్లయిన రెడ్‌వుడ్‌నీ రెండూ చూస్తేనే ఆ చెట్టు కథ పూర్తవుతుంది.