మంచు విడిచిపోయిన మడుగులు

ఇంగ్లండు దేశమునకు పోవు మనవారు సాధారణముగా లండను నగరమును, అందలి రాజభవనములను, వస్తుప్రదర్శనశాలలను చూచి, తీరిక యున్నచో కేంబ్రిడ్జి వరకు పోయి మరలి వత్తురు. అచ్చటికి ఈశాన్యమున నార్ఫోకు మండలములో కొన్ని నీటిగుంటలు కలవు. వానిని చూచుటకే మేము ప్రత్యేకముగా ప్రయాణము చేసితిమన్నచో మా సోదరీమణులకు వింతగా తోచవచ్చును. కాని యా గుంటలను మానవుడెవ్వడును త్రవ్వలేదు. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట భూమిలో దాగియుండి, పిమ్మట కరగిపోయిన మంచు విడిచిన గుర్తులవి.

వేసవిలో మన పొలములు నెఱ్ఱెలు విచ్చుట మనమెల్లరము ఎఱుగుదుము. అతిశీతల దేశములలో నేల చలికిని నెఱ్ఱెలు విచ్చును. కనీసము రెండు సంవత్సరములు ఎడతెగక గడ్డకట్టియుండు నేలను నిత్యహిమభూమి యనవచ్చును. వేసవిలో దాని పైపొర మాత్రము కొంచెము కరగి, చలికాలమున మరల గడ్డకట్టును. గడచిన హిమయుగమున ఉత్తరమునుండి దిగివచ్చిన మహాహిమరాశి నార్ఫోకు వాయవ్యతీరమున హన్‌స్టంటన్ అను ఊరికడ నిలిచిపోయినది. అందువలన దక్షిణపు నేలమీద హిమరాశి లేదుగాని, ఆ నేల మాత్రము లోలోపల ఱాయివలె బిగిసియుండెను.

మే నెలలో ఒక ఉదయమున మా కుమార్తెయు, అల్లుడును, ఎనిమిదేండ్ల మనుమరాలును వెంటరాగా కారులో బయలుదేరితిమి. గంటసేపటికి థెట్‌ఫర్డు ప్రాంతము చేరితిమి. ఈ సీమను బ్రెక్‌లాండు అందురు. పైన ఇసుక, క్రింద సుద్ద. 1922 మొదలు ప్రభుత్వమువారు నాటించిన దేవదారుజాతి వనములు దారికి ఇరుప్రక్కల దట్టముగా నున్నవి. వాని నడుమ గ్రైమ్స్ గ్రేవ్స్ అను బయలు కలదు.

ఆ బయటి వాలులమీద ఎవరో నాగటితో దున్నినట్లు చారలు కనబడినవి. ఒక చార ముదురుగోధుమ వన్నెగల హెదర్ పొద. దాని ప్రక్కది లేతపచ్చని గడ్డి. మరల పొద, మరల గడ్డి. అవి వాలువెంట క్రిందికి సాగిపోవుచున్నవి. వేలకొలది సంవత్సరముల క్రిందట పైపొర ఏటేట గడ్డకట్టుచు, కరగుచు, పొంగుచు, కుంగుచు నుండగా ఇసుకయు సుద్దయు వేఱువేఱు వరుసలుగా చేరినవట. చదునుచోట ఆ వరుసలు పెక్కు కోణములుగల గళ్లుగా నేర్పడినవి. వాలుచోట అవియే సాగి చారలైనవి. ఇసుక మందముగానున్న చోట హెదర్ పెరుగును. సుద్ద పైకివచ్చిన చోట గడ్డి పెరుగును. మంచు కరగిపోయినను, అది పెట్టిన ముగ్గును నేటికిని మొక్కలు చూపుచున్నవి.

ఈ బయటనే మానవులు త్రవ్విన గుంటలును కలవు. సుమారు 4,600 సంవత్సరముల క్రిందట ఆ ప్రాంతపువారు జింకకొమ్ములే గునపములుగా 400లకు పైగా గోతులు త్రవ్వి, సుద్దలోపలినుండి నల్లని చెకుముకిఱాళ్లను తీసికొనిరి. ఒక గోతిలోనికి యాత్రికులు దిగి చూడవచ్చును. పైకి చూచినచో మానవుడు చేసిన పల్లమునకును మంచు చేసిన పల్లమునకును భేదము తెలియుట కష్టము. అందుచేతనే మంచు గుంటలను విడిగా చూడవలెనని ఈశాన్యముగా థాంప్సన్ గ్రామమునకు పోయితిమి.

థాంప్సన్ కామన్ అను నచ్చటి పచ్చికబయట 400లకు మించిన మడుగులున్నవి. కొన్ని మన ఇంటి వాకిలియంతవి; కొన్ని చిన్న కోనేరంతవి. పెక్కింటి చుట్టును గట్టువలె కొంచెమెత్తైన అంచు కలదు. ఆ దినమున నీటిపైన లేత ఊదారంగు పూలు గుత్తులుగుత్తులుగా నిలిచియుండెను. తూనీగలు తిరుగుచుండెను. మా మనుమరాలు ఒక గట్టుమీద నిలిచి, “అమ్మమ్మా, మంచుకు చేతుల్లేవు కదా, గుంట ఎలా తవ్వింది?” అని యడిగినది. ఆ ప్రశ్నకు సమాధానమిట్లు చెప్పితిమి.

సీసానిండ నీరుపోసి బిరడా బిగించి ఫ్రీజులో గడ్డకట్టించినచో సీసా పగులును. నీరు మంచుగునపుడు సుమారు 9 వంతులు నూటికి పెరుగును. ఇచ్చట సుద్దపొరనుండి ఊటనీరు పైకి తన్నుకొని వచ్చి, గడ్డకట్టిన నేలక్రింద చిక్కుకొని తానును గడ్డకట్టెను. క్రిందినుండి నీరు వచ్చుచునే యుండుటచే మంచుగడ్డ బలిసి, పైమట్టిని పూరీవలె పొంగించెను. వేసవిలో ఆ గుట్టమీది మట్టి కరగి ప్రక్కలకు జాఱి చుట్టును పేరుకొనెను. కడపట శీతోష్ణస్థితి మాఱి లోని మంచు కరగగా నడుమభాగము కూలి గుంటయయ్యెను. జాఱిన మట్టి గట్టయ్యెను.

అట్టి గుట్టకు ఉత్తరధ్రువప్రాంతపు ఇన్యూయిట్ జనులు పింగో అని పేరిడిరి; చిన్న కొండ యని యర్థము. పోర్సిల్డ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1938లో ఆ మాటను శాస్త్రమున ప్రవేశపెట్టెను. కెనడాలో టక్టోయాక్టక్ కడ ఇబ్యుక్ అను పింగో 49 మీటర్ల యెత్తున నేటికిని నిలిచి, ఏటికి సుమారు 2 సెంటీమీటర్ల వంతున పెరుగుచున్నది. నార్ఫోకు గుట్టలు సరిగా ఆ జాతివియేనా, లేక మట్టిలో పొరలుపొరలుగా మంచుచేరి పొంగిన మఱియొక జాతివా యని పండితులలో వాదము కలదు. మంచు కరగి కూలినవనుటలో మాత్రము భేదాభిప్రాయము లేదు.

ఈ మడుగులనుగూర్చి మాకు మిక్కిలి మనసు కరగించిన కథ ఒక కప్పది. పూల్ ఫ్రాగ్ అను నొక జాతి కప్ప ఇచ్చట నివసించుచుండెను. ఎవరో ఐరోపా ఖండమునుండి తెచ్చి విడిచిన పరదేశి యని తలచి, దాని రక్షణకు తగిన శ్రద్ధ వహింపలేదు. పిదప దాని అఱపును, వంశలక్షణములను, పాతయెముకలను పరిశీలింపగా అది ఈ దేశపు సొంతబిడ్డయే యనియు, స్వీడను నార్వేల కప్పలకు దాయాది యనియు తేలినది. అప్పటికి కాలము మించెను. 1990ల నడుమనే బయళ్లలో అది కనబడుట మానెను. తరువాత స్వీడనునుండి దాయాదులను తెచ్చి, 2005 మొదలు నార్ఫోకులో వేఱొకచోట పెంచి, 2015లో థాంప్సన్ మడుగులలో మరల విడిచిరి.

పెక్కు మడుగులను పూర్వము వ్యవసాయమునకై పూడ్చివేసిరి. నార్ఫోకు పొలములలో పూడిపోయిన మూడు పాతకుంటలను త్రవ్వి పరిశోధకులు 2017లో ప్రకటించిన విషయము వినదగినది. వానిలో ఒకటి సుమారు 150 సంవత్సరములు మట్టిక్రింద నుండెను. అయినను పాత బురదలోని విత్తులు వెలుతురును నీటిని చూడగానే మొలకెత్తెను. అటుపిమ్మట థాంప్సన్ ప్రక్కపొలములలో పూడిన పింగోలను గూడ మరల తెఱచిరి. చెఱువులను పూడ్చి ఇండ్లస్థలములుగా అమ్ముట కన్నులార చూచుచున్న మనకు ఈ వార్త ఎంత యూరట!

కాని ఈ మడుగులు ఒక హెచ్చరికను గూడ చేయుచున్నవి. నాటి నేల కరగినపుడు దానిపై పట్టణములు లేవు. నేడు సైబీరియాలోని యాకుట్స్కు నగరము గడ్డకట్టిన నేలపైననే నిలిచియున్నది. ఇంటివేడికి నేల కరగకుండుటకై అచ్చట పెక్కు మేడలను స్తంభములపై లేపి కట్టిరి. ఆ రాష్ట్రముననే బటగాయి కడ అడవిని నఱికిన చోట నేల కరగి కుంగి, నేడు సుమారు కిలోమీటరు పొడవుగల అగాధమైనది. లోకములోని నిత్యహిమభూములలో దాగిన కర్బనము వాయుమండలములోని దానికి సుమారు రెండింతలు. నేల కరగినకొలది అది వాయురూపమున వెలువడి భూమిని మఱింత వేడిచేయును. మన దేశమునను లడఖు పర్వతములలో అట్టి నేల కలదు.

నార్ఫోకు మంచు కరగి గుంటగా మిగిలిన చోట పూలకును కప్పకును వాసము కుదురుటకు వేల యేండ్లు పట్టినది. ఇప్పుడు కరగుచున్న నేలపై ఇల్లు కట్టుకొని, బిడ్డలను పెంచుకొనుచున్న తల్లులకు అంత వ్యవధి లేదు. దూరదేశపు గుంటలు మనకేల యని తలపక, విద్యుత్తును ఇంధనమును పొదుపుగా వాడుటయు, మన ఊరి చెఱువును పూడనీయకుండుటయు మన యింటి పనులుగా నెంచవలెను.