ఒక్క నుక్తా

మొన్న ఇఫ్తార్‌కి ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఆపా ఇంటికి వెళ్లాను. అందరం ఖజూర్ నోట్లో పెట్టుకున్నాం. భాంజీ మాత్రం లాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు.

"క్యా హువా బేటీ?"

"మూడు పేర్ల దగ్గర ఆగిపోయింది మామూ."

తనది హెల్త్ ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్ పని. ఉద్యోగుల, వాళ్ల ఇంటివాళ్ల వివరాలు జావా ప్రోగ్రాంలో ఆబ్జెక్టులుగా ఉంటాయి. వాటిని ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా మార్చి ఇన్సూరెన్స్ వాళ్లకి పంపాలి. ఆ ఫైలు ఎలా ఉండాలో చెప్పే కాయిదాని స్కీమా అంటారు. ఇంటిపేరు తప్పనిసరి, పేరులో అక్షరాలే ఉండాలి, ఇలాంటి షర్తులు. జాక్స్‌బీ అనే లైబ్రరీకి స్కీమా అప్పగిస్తే, రాస్తూనే తనిఖీ చేస్తుంది.

ఆగిన పేర్లు చూశాను. ఇద్దరు 'ఎండీ.' వాళ్లు. మొహమ్మద్‌ని కుదించి పెట్టిన చుక్క స్కీమాకి పడలేదు. మూడో ఆమెకి ఒక్కటే పేరు. మన నానీల కాలంలో ఇంటిపేర్లు ఎవరికున్నాయి?

జీమ్ నుక్తా పైకెక్కితే జుదా కాస్తా ఖుదా అవుతుందని ఉర్దూ స్కూల్లో ఉస్తాద్ బెత్తంతో నేర్పారు. ఇంగ్లీషు చుక్కకీ ఇంత తాకత్ ఉందని తెలీదు. అసలు ఈ కాలనీ పేరులోనే రెండు చుక్కలున్నాయి! 1967లో మొదలైన ఈసీఐఎల్‌ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరది. ఆయనే వచ్చినా ఈ స్కీమా ఆపేసేదేమో.

"తప్పు దొరికినప్పుడల్లా నేను రాసిన హ్యాండ్లర్‌ని అడుగుతుంది మామూ. ట్రూ అంటే ముందుకెళ్తుంది, ఫాల్స్ అంటే అక్కడే ఆగుతుంది. మేనేజర్ ట్రూ పెట్టి రాత్రికే పంపేయమంటున్నారు."

"అవతలివాళ్లు ఏం చేస్తారు?"

"కొందరు ఫైలంతా తిప్పి పంపుతారు. కొందరు ఆ ఒక్క పేరు పక్కన పడేస్తారు."

ఆపా చేతిలో గరిటె ఆగింది. అమ్మీ ఆపరేషన్ అప్పుడు ఆస్పత్రి కౌంటర్‌లో "ఈ పేరు లిస్టులో లేదు" అన్నారు. కార్డు మా చేతిలోనే ఉంది. ఆ రాత్రే ఆపా గాజులు కుదువకు వెళ్లాయి. నెలన్నర తిరిగితే తేలింది. పంపినవాళ్లు పంపామన్నారు. అందుకున్నవాళ్లు ఇంటిపేరు ఖాళీగా ఉందని తీసేశామన్నారు. అమ్మీకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

"అప్పుడూ ఎవరో ట్రూ పెట్టుంటారు" అంది ఆపా. ఆమెకి ప్రోగ్రామింగ్ ఏం తెలుసని!

భాంజీ ఫాల్స్ కూడా పెట్టలేదు. పెడితే మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది, మిగతావి బయటపడవు. ట్రూ అంటూనే ప్రతి తప్పునీ ఒక జాబితాలో రాయించింది. ముందు ఉత్తుత్తిగా రాయించి చూస్తుంది. జాబితాకెక్కిన మనుషుల్ని విడిగా పెట్టాకే అసలు ఫైలు పుడుతుంది. తప్పు ఏ లైనులో ఉందంటే ఆ లైబ్రరీ మైనస్ 1 అంటోంది. కాయితమే ఇంకా లేదు కదా, లైను ఎక్కడిది? అందుకని తప్పు దొరికిన ఆబ్జెక్టునే పట్టుకుని ఉద్యోగి నంబరు తీసింది.

"చుక్క తీసేస్తే సరిపోదా?" అన్నాను.

"వాళ్ల ఆధార్‌లో చుక్క ఉంటే? ఒకరి పేరు దిద్దడానికి నేనెవర్ని మామూ?"

మూడు పేర్లు ఆపి, ఎందుకు ఆగాయో ఆ ఉద్యోగులకి మెయిల్ పెట్టింది. మిగతావి పంపింది. తర్వాత మేనేజర్ ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్లింది. చాలాసేపు రాలేదు. హలీం చల్లారిపోయింది.

సెహ్రీకి మెసేజ్ వచ్చింది. ఎండీలిద్దరూ జవాబిచ్చారు. ఒంటిపేరు అమ్మీ కొడుకు మెయిల్ చూసుకోలేదట. పొద్దున తనే ఫోన్ చేస్తానంది.