విచిత్ర వేషధారణ

మా అక్క కొడుకు పుట్టినరోజు వేడుకకని ఒక వేషం తెప్పించుకున్నాడు. నల్లని బిగుతు చొక్కా, నల్లని ముసుగు, కళ్ళకు అడ్డంగా నల్లని పట్టీ. "మామా, ఈయనెవరో నీకు తెలువదు లే" అన్నాడు. తెలుసునన్నాను. వాడు నమ్మలేదు. వాడు నమ్మకపోతే పోయె గానీ, ఆ సంగతి ఒకచోట వ్రాసి పెట్టుకుందామనిపించింది.

నేను పెరిగినది నస్పూరులో. ఇప్పుడది మంచిర్యాల జిల్లా. 2016 దాకా ఆదిలాబాదు జిల్లాయే. బాపు సింగరేణిలో భూగర్భ గని కార్మికుడు. గనిని మేము బాయి అంటాము. బాపు బాయి దిగాడా, బాయి నుండి వచ్చాడా అన్నదాన్ని బట్టి మా ఇంట్లో పొద్దు తెలిసేది.

1995 వేసవిలో హైదరాబాదు నుండి వచ్చిన మా మేనబావ రెండు ప్లాస్టిక్ బొమ్మలను మా ఇంట్లో మరచిపోయి వెళ్ళాడు. మరచిపోయాడనే ఇప్పటికీ చెప్పుకుంటున్నాను. జీఐ జో బొమ్మలు అవి. మూడుముప్పావు అంగుళాల సైనికులు. మోకాళ్ళు, మోచేతులు వంగేవి. మన దేశంలో ఫన్‌స్కూల్ వారు వాటిని తయారుచేసి అమ్మేవారు. 1964లో అమెరికాలో మొదట వీటిని తెచ్చిన హాస్‌బ్రో సంస్థవారు, బొమ్మ అంటే మగపిల్లలు ముట్టరేమోనని ఆ మాటే వాడక 'యాక్షన్ ఫిగర్' అని పేరు పెట్టారట. మా అవ్వకు ఆ బాధ లేదు. ఆమె 'సిపాయి బొమ్మలు' అనేది.

అన్నట్టు, ఆ జీఐ అన్న రెండక్షరాలు తొలుత మా దండెం కట్టిన జీఐ తీగలో ఉన్నవే. గాల్వనైజ్డ్ ఐరన్. అమెరికా సైన్యంలో బకెట్ల మీద, చెత్తడబ్బాల మీద ఉండే ఆ అక్షరాలు పోనుపోను సైన్యం ఇచ్చిన ప్రతి వస్తువుకూ, చివరకు సిపాయికీ పేరయ్యాయి. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

నా దగ్గరున్న రెంటిలో ఒకటి ఆకుపచ్చ దుస్తుల సిపాయి. పేరు గుర్తులేదు. రెండవది స్నేక్ ఐస్, నిలువెల్లా నలుపు. 1982లో చిన్న సైజు బొమ్మలు తెచ్చినప్పుడు రంగుల ఖర్చు మిగులుతుందని ఒక బొమ్మకు రంగు వేయకుండా నల్ల ప్లాస్టిక్కులోనే వదిలేశారట. ఆ పొదుపు నుండి పుట్టినవాడే స్నేక్ ఐస్. లారీ హామా వ్రాసిన బొమ్మల కథల్లో హెలికాప్టరు ప్రమాదంలో ముఖం కాలి, గొంతు పోయి మూగవాడయ్యాడు. నాకు మాత్రం ఆ ఆకుపచ్చవాడే ఇష్టం.

నవంబరు 14కు బడిలో విచిత్ర వేషధారణ పోటీ పెట్టారు. ఆకుపచ్చ సిపాయి వేషం కట్టాలని నిశ్చయించుకున్నాను. బాపు పాత ఖాకీ అంగీ ఒకటి అడిగి తీసుకుని, మంచిర్యాలలో ఆకుపచ్చ రంగు పొట్లం కొని, గుప్పెడు ఉప్పు వేసి అంగీని కాగులో ఉడికించాను. బొమ్మది చిలకపచ్చ. నాకు వచ్చినది అది కాదు. ఖాకీ మీద పడిన ఆకుపచ్చ ఒక మబ్బు పట్టిన రంగుగా, అడవి చీకటిపడే వేళ ఉండే రంగుగా తేలింది. బొమ్మ రంగు కన్నా ఇదే బాగుందని మురిసిపోయాను. క్వార్టరు ముందరి దండెం మీద ఆరవేసి ఆడుకోవడానికి వెళ్ళిపోయాను.

ఆ కాలంలో మా ప్రాంతంలో పెరిగినవారికి ఆ రంగు ఎవరిదో చెప్పనక్కరలేదు. 1980లలోనూ 1990లలోనూ పీపుల్స్‌వార్ దళాలు అడవుల్లో తిరిగేవి. బొగ్గుబాయిల్లో సికాస ఉండేది. పోలీసు జీపులు కాలనీల్లో ఏ రాత్రి ఏ తలుపు తడతాయో తెలిసేది కాదు. పదకొండేళ్ళ నాకు ఇదంతా తెలుసు. తెలిసి కూడా, ఆ రంగుకూ నా అంగీకీ సంబంధం ఉంటుందని తోచలేదు. నాది అమెరికా సిపాయి వేషం కదా!

సాయంత్రం తిరిగివచ్చేసరికి మా వరుసలోనే ఉండే పెద్దవ్వ దండెం దగ్గర నిలబడి ఉంది. చంకలో బిందె. స్వంత పెద్దవ్వ కాదు, వరుసకు అలా పిలిచేవాళ్ళం. ఆమె కొడుకు అడవిలో కలిసి అప్పటికి రెండేళ్ళు. ఆమె ఆ తడి అంగీ చేతిని పట్టుకుని ఉంది. పిండుతున్నట్టు లేదు, లాగుతున్నట్టు లేదు. పట్టుకుని ఉంది, అంతే. నన్ను చూసి వదిలేసి, నీళ్ళకు వెళ్ళిపోయింది.

అవ్వ కూడా వాకిట్లో నిలబడి చూస్తోంది. ఆమె వెళ్ళగానే వచ్చి అంగీని తీసి చుట్టచుట్టింది.

"గీ రంగు మనింట్ల వద్దు."

"అవ్వా, పోటీకి..."

"పోలీసోళ్ళ సంగతి అటెన్క. పెద్దవ్వ దినాం గీ దండెం ముంగటికెల్లే నీళ్ళకు పోతది బిడ్డా."

ఆ రాత్రి అంగీ మళ్ళీ కాగెక్కింది. ఈసారి నల్లరంగు. నేను అన్నం తినకుండా పడుకున్నాను.

నలుపు మిగిలింది కనుక స్నేక్ ఐస్ మిగిలాడు. కోపంతోనే వాడి వేషం మొదలుపెట్టాను. నల్ల లాగు ఇంట్లోనే ఉంది. బాపు పాత బూట్లలో పేలికలు కుక్కి కాళ్ళకు సరిచేశాను. నడుముకు బాపు అరిగిన తోలు బెల్టు. బాయి టోపీకి పెట్టుకునే బత్తి కూడా తెచ్చిమ్మని అడిగాను గానీ బాపు నవ్వాడు. బత్తిని షిఫ్టు దిగేటప్పుడు ల్యాంపు రూములో తీసుకోవాలి, ఎక్కాక అక్కడే అప్పగించాలి. వెనక్కు రాని బత్తి ఉంటే మనిషింకా కిందనే ఉన్నాడని లెక్క. "బత్తి లెక్క తప్పితే మనిషి లెక్క తప్పినట్టే రా" అన్నాడు.

కళ్ళ పట్టీకి ఏమి వాడాలో తెలియక రెండు రోజులు తిరిగాను. చివరకు బాపు ఎక్స్‌రే దొరికింది. బాపుకు దగ్గు ఎక్కువైనప్పుడు తీసిన ఛాతీ ఫిల్ము అది. అక్టోబరు 24 నాటి సూర్యగ్రహణాన్ని ఆ ఫిల్ములోంచే వరుసలోని పిల్లలమంతా చూశాము. (అలా చూడకూడదని తరువాత తెలిసింది. కళ్ళు మిగిలాయి.) దాని నడిమికి అడ్డంగా రెండంగుళాల పట్టీ కత్తిరించాను. అది ముఖం మీద నిలవడానికి ఆధారం కావలసివచ్చి, బీటవారి మూలకు పడేసిన పాత బాయి టోపీకి జీఐ తీగతో కట్టాను. స్నేక్ ఐస్‌కు టోపీ లేదు. నాకు తప్పలేదు. కర్రతో కత్తి చేసి సిగరెట్టు పెట్టెల వెండికాగితం చుట్టాను.

పోటీనాడు వేదిక ఎక్కేముందు ఒక సారు పిల్లల చేతుల్లోని కత్తులూ తుపాకులూ అన్నీ లాక్కుని మూలన పడేశారు. ఎవరి కంట్లోనైనా పొడుస్తామని ఆయన భయం. ఒక్క పిట్టల దొర తుపాకీని మాత్రం వదిలారు. అది లేకుంటే ఆ వేషమే లేదు కదా. ఎనిమిదో తరగతి పిల్లవాడు కట్టాడు. చినిగిన ఖాకీ కోటు, టోపీ, మసితో మీసం, కట్టె తుపాకీ. వాడు కోసిన కోతలకు జనం పడిపడి నవ్వారు. మన ఊళ్ళలో ఇంటి గుడ్డలతో కట్టిన సిపాయి వేషం అంటే అంతకు ఎంతో కాలం ముందు నుండీ అదే. నేను కట్టినదేమీ కొత్త విద్య కాదు.

తరువాత నేను. నల్ల అంగీ, నల్ల లాగు, బూట్లు, బెల్టు, తలమీద బాయి టోపీ. చేతిలో కత్తి లేదు.

"ఇప్పుడు మన గని కార్మికుడు!" అని మైకులో వినబడింది.

ముందు ఎవరినో అన్నారనుకున్నాను. సారు మైకు నా ముందు పెట్టి "ఎవరు నాయనా నువ్వు? ఒక మాట చెప్పు" అన్నారు. స్నేక్ ఐస్ మూగవాడు. ఆ నియమం తప్పకూడదని వారం రోజులుగా అనుకుంటున్నాను. నోరు విప్పలేదు. "షిఫ్టు చేసి అలిసిపోయిండు, మాట్లాడలేడు" అని సారే అనేశారు. అంతే, కూర్చున్నవాళ్ళందరూ చప్పట్లు. అందరూ బాయి పని చేసేవాళ్ళే, వాళ్ళ ఇంటివాళ్ళే. ఫిల్ములోంచి ఏదీ సరిగా కనిపించలేదు. మసకలో, బాపు పక్కటెముకల గీతల వెనుక, మూడో వరుసలో ఎవరో లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారని మాత్రం తెలిసింది.

పిట్టల దొరకు మొదటి బహుమతి, నాకు రెండవది. స్టీలు టిఫిను డబ్బా. ఇంటికి వెళ్ళే దారిలో బాపు నా టోపీ తీసి తన తలమీద పెట్టుకుని, "మంచిగ కట్టినవ్ రా బిడ్డా. బత్తి ఒక్కటే తక్కువైంది" అన్నాడు.

అది స్నేక్ ఐస్ అని చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను.

2011లో బాపుకు ఆయాసం ఎక్కువై హైదరాబాదు తీసుకువచ్చాము. పరీక్ష చేసిన డాక్టరు, పోల్చి చూడడానికి పాత ఎక్స్‌రేలు ఏవైనా ఉన్నాయా అని అడిగాడు. అవ్వ పెట్టె అడుగున దాచిన కవరు తీసి ఇచ్చింది. ఆయన ఫిల్మును వెలుతురు పలక మీద పెట్టి ఆగిపోయాడు. రెండు ఊపిరితిత్తుల నడిమికి అడ్డంగా, రెండంగుళాల వెడల్పున తెల్లని వెలుతురు. నేను తల వంచుకున్నాను.

"మా పిలగాడు కోసిండు సారూ" అన్నాడు బాపు, దమ్ము తీసుకుంటూ. "చిన్నగున్నప్పుడు నా వేషమే కట్టిండు. సెకండ్ ప్రైజు వచ్చింది."