రాగి గని దిగువన: జపాను యాత్రా లేఖలు

మొదటి లేఖ: టోక్యో



1868లో షోగునుల సైనిక పాలన కూలి, చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం ఏర్పడిన నాటికి రైతు కొలిచే బియ్యమే ఆదాయంగా బతికిన జపాను, 1905 నాటికి రష్యా అంతటి సామ్రాజ్యాన్ని యుద్ధంలో ఎలా ఓడించగలిగిందన్నది నాన్నగారు ఉత్తరంలో అడిగిన ప్రశ్న. ఈ ప్రశ్నకు చరిత్ర గ్రంథాలు సాధారణంగా కొందరు మహాపురుషుల పేర్లు చెబుతాయి. ఆ పేర్లలో అసత్యం లేదు. అయితే ఆ ఎదుగుదల ఖర్చు ఎవరి నెత్తిన పడిందో తెలియనిదే జవాబు పూర్తి కాదు. ఈ లేఖలలో మహాపురుషులతో పాటు పట్టుమిల్లు పిల్లలు, రాగి గని దిగువన పొలాలు పోగొట్టుకున్న రైతులు కూడా కనిపించేది అందుకే.

టోక్యోలో నేడు కనిపించే రాతి పార్లమెంటు భవనం 1936లో పూర్తయింది. అంతకు ముందు సభలు హిబియ సమీపంలోని తాత్కాలిక భవనాలలో జరిగేవి, అవి రెండుసార్లు తగలబడిపోయాయి కూడా. ఆ సభ్యుల అధికారమూ పరిమితమే. ఇతో హిరోబుమి ప్రష్యా పద్ధతిని అనుసరించి రూపొందించిన 1889 నాటి రాజ్యాంగం ప్రకారం సార్వభౌమత్వం చక్రవర్తిది. దిగువ సభ బడ్జెట్టును తిరస్కరిస్తే, ప్రభుత్వం గత సంవత్సరపు బడ్జెట్టుతోనే పని నడుపుకోవచ్చు. ఓటు హక్కు ఇరవై అయిదేళ్ళు నిండి, ఏటా 15 యెన్ల ప్రత్యక్ష పన్ను కట్టే మగవారికే ఉండేది గనుక మొదటి ఎన్నికలలో ఓటర్లు జనాభాలో నూటికి సుమారు ఒకరే. 1900లో ఆ పరిమితి 10 యెన్లకు, 1919లో 3 యెన్లకు తగ్గింది.

అసలైన నిర్ణయాలు గెన్రోల చేతిలో ఉండేవి. గెన్రోలంటే కొత్త రాజ్యానికి పునాది వేసిన వృద్ధ నాయకులు. అత్యధికులు పడమటి సంస్థానాలైన సత్సుమ, చోషూలకు చెందినవారు. రాజ్యాంగంలో ఎక్కడా ప్రస్తావన లేని ఈ పెద్దలే ఎవరిని ప్రధానిగా నియమించాలో చక్రవర్తికి సూచించేవారు. వారిలో ఇతో పార్లమెంటుతో కలిసి నడవక తప్పదని గ్రహించి 1900లో స్వయంగా సెయుకై అనే పార్టీని స్థాపించగా, సైన్యానికి పెద్దదిక్కైన యమగత అరితోమో పార్టీలను చివరి దాకా నమ్మలేదు. అదే సంవత్సరం ప్రధానిగా ఉన్న యమగత, సైనిక, నౌకా మంత్రులుగా సర్వీసులో ఉన్న ఉన్నత సేనాధికారులే ఉండాలని నిబంధన చేయించాడు. చూడడానికి చిన్నదైన ఆ నిబంధన ఫలితం 1912లో బయటపడింది. రెండు కొత్త డివిజన్లు కావాలని సైన్యం కోరినప్పుడు ఖజానాలో డబ్బు లేదని సైయొంజి కిన్మోచి మంత్రివర్గం నిరాకరించింది. సైనిక మంత్రి రాజీనామా చేశాడు. ఆ స్థానంలోకి మరొకరిని పంపడానికి సైన్యం ఒప్పుకోలేదు. యువకుడిగా ఫ్రాన్సులో ఏళ్ళ తరబడి చదువుకుని ఉదారభావాలు నేర్చిన సైయొంజి గద్దె దిగక తప్పలేదు. తరువాత వచ్చిన కత్సుర తారో మంత్రివర్గాన్ని 1913 ఫిబ్రవరిలో పార్లమెంటు చుట్టూ మూగిన జనం పడగొట్టారు. ప్రజాగ్రహానికి ఒక మంత్రివర్గం తలవంచడం ఆ దేశంలో కొత్త సంగతి.

ఇతో దానిని చూడలేదు. కొరియాకు తొలి జపాను రెసిడెంట్ జనరల్‌గా పనిచేసిన అతడిని 1909 అక్టోబరులో హర్బిన్ రైల్వే స్టేషన్‌లో అన్ జుంగ్-గున్ అనే కొరియా దేశభక్తుడు కాల్చి చంపాడు. మరుసటి ఏడాదే జపాను కొరియాను పూర్తిగా కలుపుకున్నది. జపాను పాఠాలలో రాజ్యాంగ నిర్మాతగా కనిపించే ఇతో, కొరియా వారి జ్ఞాపకంలో స్వాతంత్ర్యాన్ని హరించినవాడు. ఈ రెండవ సంగతి మరచి రాసిన జీవితచరిత్ర సగం చరిత్రే.

రెండవ లేఖ: తొమియోక

టోక్యోకు వాయవ్యంగా గున్మ మండలంలో ఉన్న తొమియోక పట్టుమిల్లును ప్రభుత్వమే 1872లో కట్టించింది. పోల్ బ్రూనా అనే ఫ్రెంచి నిపుణుని పర్యవేక్షణలో కొయ్య చట్రం మీద ఇటుక గోడలు లేపి, పట్టుగూళ్ళను వేడినీటిలో ఉంచి దారం తీసే తొట్లు 300 అమర్చారు. దారం తీసే శాల పొడవు 140 మీటర్లు. 2014లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ మిల్లు భవనాలు నేటికీ చెక్కుచెదరలేదు.

మిల్లు తెరిచేనాటికి పనికి ఆడపిల్లలు దొరకలేదు. ఫ్రెంచివారు తాగే ఎర్రని ద్రాక్షసారాయి మనుషుల నెత్తురని పుకారు పుట్టింది. మొదటి నిర్వాహకుడు ఒదక అత్సుతద తన కూతురినే మొదట పనిలో చేర్చి ఆ భయం పోగొట్టాడు. ఆ పైన సమురాయి కుటుంబాల పిల్లలు వచ్చి, పని నేర్చుకుని, తమ ప్రాంతాలకు తిరిగి వెళ్ళి ఇతరులకు నేర్పారు. వారిలో ఒకరైన వద ఎయి తరువాతి కాలంలో రాసిన జ్ఞాపకాలలో దేశానికి ఉపయోగపడుతున్నామన్న గర్వం కనిపిస్తుంది. వారమంతా పనిచేసి ఆదివారం సెలవు తీసుకున్న ఈ తొలి తరం స్థితి నిజంగానే మెరుగు.

తరువాతి తరం సంగతి వేరు. సువ సరస్సు చుట్టూ వెలసిన ప్రైవేటు మిల్లులకు హిద కొండపల్లెల బాలికలు మంచు పేరుకున్న నొముగి కనుమ దాటి కాలినడకన వెళ్ళేవారు. మిల్లు ఏజెంటు తండ్రి చేతిలో బయానా పెట్టేవాడు. ఆ బాకీ తీరేదాకా పిల్ల పని మానడానికి వీల్లేదు. తీసిన దారం నాణ్యతను బట్టి వరుస కట్టి, అడుగున ఉన్నవారి కూలి కోసి పైవారికి ఇచ్చే పద్ధతి వల్ల ఒకే గదిలో పడుకునే పిల్లలే ఒకరికొకరు పోటీదారులయ్యారు. పన్నెండు గంటలు దాటిన పని, ఆవిరి నిండిన గాలి, ఇరుకు వసతి కలిసి క్షయరోగాన్ని పెంచాయి. జబ్బుపడిన పిల్లలను ఇంటికి పంపేసేవారు గనుక వ్యాధి పల్లెలకూ పాకింది. ఈ పిల్లలు తీసిన దారమే దేశపు ఎగుమతులలో మొదటి సరుకు. 1909 నాటికి ముడిపట్టు ఎగుమతిలో జపాను చైనాను మించింది. ఎక్కువగా అమెరికా కొన్న ఈ పట్టు సొమ్ముతో యంత్రాలు, నౌకలు కొనగలిగారు.

ఫ్యాక్టరీ చట్టం 1911లో వచ్చింది గాని, అమలు 1916 దాకా ఆగింది. ఆడవారి చేత, పదిహేనేళ్ళ లోపు పిల్లల చేత రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించరాదన్నది అందులోని ముఖ్య నియమం. నూలు మిల్లుల్లో ఆడవారి రాత్రి పని 1929 దాకా ఆగలేదు. ఆలస్యానికి ముఖ్య కారణం యజమానుల ఒత్తిడి.

మూడవ లేఖ: కితక్యూషూ

యవత ఉక్కు కర్మాగారం 1901లో మొదలైంది. చైనా మీద 1895లో గెలిచిన యుద్ధానికి వసూలు చేసిన పరిహారంలో కొంత భాగం దీని నిర్మాణానికి వెళ్ళింది. ఇనుప ఖనిజం కూడా చైనాలోని దాయె గనుల నుండే వచ్చేది. బొగ్గు మాత్రం పక్కనున్న చికుహో గనులది. ఓడిన దేశపు డబ్బు, ఆ దేశపు ఖనిజం కలిసి గెలిచిన దేశానికి ఉక్కునిచ్చిన ఈ లెక్కను కర్మాగారపు ప్రశంసలు తరచుగా వదిలేస్తాయి. జర్మను నమూనాలో కట్టిన మొదటి కొలిమి సరిగా పనిచేయక ఆగిపోగా, నొరో కగెయొషి అనే లోహశాస్త్రవేత్త లోపాలు సరిదిద్దిన తరువాత 1904లో తిరిగి నిలదొక్కుకున్నది.

ఈ ఎదుగుదలను మన దేశం వారూ గమనించారు. పూర్వీకులది ప్రకాశం సీమలోని మోక్షగుండమైన విశ్వేశ్వరయ్యగారు 1898లోనే జపాను వచ్చి, సాంకేతిక విద్యకూ పరిశ్రమకూ ఇక్కడ ఉన్న సంబంధాన్ని శ్రద్ధగా చూశారు. మైసూరు దివానుగా పనిచేసినప్పుడు, భద్రావతి ఇనుప కర్మాగారాన్ని తలపెట్టినప్పుడు ఆ పరిశీలన వెంట ఉన్నదనడంలో సందేహం లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో ఉన్నత విద్య ప్రారంభించిన కొద్ది కాలానికే, 1922లో, హైదరాబాదు విద్యాశాఖ డైరెక్టరు రాస్ మసూద్ ఇక్కడి విద్యాపద్ధతిని పరిశీలించడానికి వచ్చారు.

నూలు పరిశ్రమలో భారతదేశపు పాత్ర ఇంకా నేరుగా ఉంది. షిబుసవ ఎయిచి చొరవతో ఒసాకాలో 1883లో పని మొదలుపెట్టిన నూలు మిల్లు 10,500 కదుళ్ళతో, రాత్రి పాళీతో లాభాలు గడించి మిగిలినవారికి దారి చూపింది. ముడిపత్తి కోసం బొంబాయి మీద ఆధారపడవలసి రావడంతో, ఓడ కిరాయిలను గుప్పిట పెట్టుకున్న ఐరోపా కంపెనీలను ఎదిరించి, జంషెడ్జీ టాటాతో కలిసి నిప్పన్ యూసెన్ కంపెనీ 1893లో బొంబాయి మార్గం తెరిచింది. అప్పట్లో జపానుకు నూలు అమ్మిన బొంబాయి మిల్లులే, కొన్నేళ్ళకు చైనా బజారులో జపాను నూలు ముందు నిలవలేకపోయాయి. సుమారు అయిదువందల సంస్థల స్థాపనలో చేయి వేసిన షిబుసవ మాత్రం మిత్సుయి, మిత్సుబిషి అధిపతుల వలె సొత్తంతా ఒక కుటుంబం కింద పోగు చేయలేదు. 2024 నుండి పదివేల యెన్ల నోటు మీద ఉన్న బొమ్మ అతనిదే. కన్ఫ్యూషియస్ నీతినీ వ్యాపారాన్నీ కలపాలని బోధించిన ఆ పెద్దమనిషి మిల్లులోనూ రాత్రి పాళీ నడిచిందన్నది బాధపెట్టే సత్యం.

నాలుగవ లేఖ: ఆషియో, వతరసే లోయ

ఈ యాత్ర అంతటిలో మనసును కలచివేసిన చోటు ఇదే. ఫురుకవ ఇచిబేయి 1877లో కొన్న ఆషియో గని పదేళ్ళు తిరిగేసరికి దేశంలోకెల్లా పెద్ద రాగి గని అయింది. రాగి విదేశీ మారకం తెచ్చేది. టెలిగ్రాఫు తీగలకూ, ఆయుధాలకూ అవసరమైనది. రాగి కరిగించే కొలుముల నుండి వెలువడిన గంధకపు పొగకు కొండల మీది చెట్లు మాడిపోయి, మత్సుకి అనే గ్రామం ఖాళీ అయిపోయింది. చెట్లు లేని కొండల నుండి వరద పెరిగింది. గని వ్యర్థాలను మోసుకొచ్చిన వతరసే నది దిగువ పొలాలను ముంచినప్పుడల్లా వరి చచ్చింది, చేపలు తేలాయి.

తొచిగి మండలపు గ్రామపెద్దల కుటుంబంలో 1841లో పుట్టిన తనక షోజో 1890 మొదటి ఎన్నికలలోనే పార్లమెంటుకు గెలిచాడు. 1891 డిసెంబరులో అతడు సభలో అడిగినది రాజ్యాంగ సంబంధమైన ప్రశ్న: ప్రజల ఆస్తికి రక్షణ ఉందని రాజ్యాంగం చెబుతున్నప్పుడు, ఆ ఆస్తిని నాశనం చేస్తున్న గనిని ప్రభుత్వం ఎందుకు ఆపదు? జవాబు చెప్పవలసిన వ్యవసాయ, వాణిజ్య మంత్రి ముత్సు మునెమిత్సు. అతని రెండవ కుమారుడు గని యజమాని ఫురుకవకు దత్తపుత్రుడు. ప్రభుత్వానికీ గనికీ ఉన్న బంధుత్వాన్ని వెతికి పట్టుకోనక్కరలేదు, అది అందరికీ తెలిసినదే.

పదేళ్ళ పాటు అదే ప్రశ్నను మళ్ళీ మళ్ళీ అడిగినా ఫలితం లేకపోగా, 1900 ఫిబ్రవరిలో టోక్యోకు నడిచి వెళ్తున్న రైతులను పోలీసులు కవమత వద్ద కొట్టి అరెస్టు చేశారు. మరుసటి ఏడాది తనక సభ్యత్వానికి రాజీనామా చేసి, డిసెంబరు 10న పార్లమెంటు ప్రారంభించి తిరిగి వస్తున్న చక్రవర్తి బండికి అడ్డంగా అర్జీ చేతబట్టుకుని పరుగెత్తాడు. అర్జీ ముసాయిదా రాసినది పాత్రికేయుడు కొతోకు షూసుయి. ఇతడే దాదాపు పదేళ్ళ తరువాత చక్రవర్తి హత్యకు కుట్ర చేశాడన్న అభియోగం మీద ఉరితీయబడినవాడు. తనకను పిచ్చివాడన్న నెపంతో విడిచిపెట్టారు. విచారణ జరిపితే ఆషియో పేరు కోర్టులో మోగుతుందన్న భయమే అందుకు కారణమని అనుకోవడం సమంజసం.

ప్రభుత్వం చూపిన పరిష్కారం కాలుష్యాన్ని ఆపడం కాదు, వరదనీటిని నిలవబెట్టడం. అందుకు యనక గ్రామాన్ని ఎంచుకున్నారు. తనక 1904లో ఆ ఊరికే కాపురం మార్చాడు. 1906లో గ్రామాన్ని కాగితాల మీద రద్దు చేసి, 1907 వేసవిలో కదలని పదహారు కుటుంబాల ఇళ్ళను కూలగొట్టారు. అప్పటి హోంమంత్రి హర తకాషి; 1905లో ఫురుకవ గనుల కంపెనీకి ఉపాధ్యక్షుడిగా పనిచేసినవాడు. తన ఆస్తినీ పరపతినీ ఈ పోరాటంలో కరిగించి తనక 1913లో మరణించినప్పుడు, చేతి సంచిలో కొత్త నిబంధన, రాజ్యాంగ ప్రతి, దినచర్య పుస్తకాలు, కొన్ని గులకరాళ్ళు మిగిలాయి. ఆ కాలపు జపానులో రాజ్యాంగాన్ని ఇతనికన్నా గట్టిగా నమ్మిన మనిషి మరొకడు లేడు.

గని 1973లో మూతపడింది; మరుసటి ఏడాది కంపెనీ తన బాధ్యతను ఒప్పుకుని రైతులకు పరిహారం చెల్లించింది. యనక ఉన్నచోట నేడు రెల్లు పెరిగిన విశాలమైన చిత్తడినేల ఉంది. ఆషియో కొండల మీద స్వచ్ఛంద సేవకులు మొక్కలు నాటుతూనే ఉన్నారు. పైవాలులలో బండలు ఇప్పటికీ బోడిగా ఉన్నాయి.

అయిదవ లేఖ: ఉవొజు

తొయమ తీరంలోని ఈ చేపల రేవులో 1918 జులైలో జాలరి కుటుంబాల ఆడవారు ఒకచోట చేరి, ఊరి బియ్యాన్ని ఓడకెక్కించి పంపవద్దని అడ్డం తిరిగారు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు ధరలకు జపాను సైన్యం సైబీరియా దండయాత్ర వార్తలు తోడవడంతో వ్యాపారులు బియ్యం దాచి ధర పెంచారు. ఆడవారి మొర పత్రికల ద్వారా దేశమంతా పాకి, ఆగస్టు నాటికి ఒసాకా, కోబె వంటి నగరాలలో దుకాణాల ధ్వంసంగా మారగా, ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. సెప్టెంబరులో తెరౌచి మసతకె మంత్రివర్గం రాజీనామా చేసింది.

ఆ ఖాళీలో ప్రధాని అయినవాడు హర తకాషి. ప్రభు బిరుదు వద్దని సామాన్యుడిగానే మిగిలి, దిగువ సభలో కూర్చుని దేశాన్ని నడిపిన మొదటి ప్రధాని అతడే. పార్టీ పాలనకు అతడు చేసిన సేవ నిజమైనది. యనక విషయంలో అతని చేతికంటిన మచ్చ కూడా అంతే నిజమైనది. పన్నుతో పని లేకుండా మగవారందరికీ ఓటు ఇవ్వాలన్న బిల్లు 1920లో వచ్చినప్పుడు అతడు సభనే రద్దు చేయించాడు. 1921 నవంబరు 4న టోక్యో స్టేషన్‌లో ఒక యువకుడు అతడిని కత్తితో పొడిచి చంపిన చోట నేల మీద చిన్న గుర్తు నేటికీ ఉంది.

1925లో మగవారందరికీ ఓటు వచ్చి ఓటర్ల సంఖ్య ముప్పై లక్షల పైచిలుకు నుండి కోటీ ఇరవై లక్షల పైకి పెరిగింది. ఆ సంవత్సరమే రాజ్యవ్యవస్థను ప్రశ్నించేవారిని జైలుకు పంపే శాంతి పరిరక్షణ చట్టమూ వచ్చింది. 1900 నాటి పోలీసు చట్టం ఆడవారిని రాజకీయ సభలకు వెళ్ళడానికి కూడా వీల్లేదని కట్టడి చేయగా, స్త్రీ సంఘాల ఆందోళన వల్ల ఆ ఒక్క నిషేధం 1922లో తొలగింది. ఒక మంత్రివర్గం పతనానికి దారితీసిన ఉవొజు ఆడవారికి, పట్టుదారంతో దేశానికి నౌకలు సంపాదించి పెట్టిన సువ పిల్లలలో బతికి మిగిలినవారికి ఓటు వేసే అవకాశం వచ్చింది 1946 ఏప్రిల్ ఎన్నికలలో. ఆ ఎన్నికలలో 39 మంది స్త్రీలు దిగువ సభకు గెలిచారు.